తట్టి చూడని బండి

మా ఊళ్ళో పుచ్చకాయలమ్మేవాళ్ళు ఈ మధ్య కాయని తట్టనివ్వడం లేదు. చెయ్యి పెట్టబోతే "అన్నా, తట్టకు, కోసి చూపిస్త" అని కత్తితో మూడు మూలల ముక్క తీసి కళ్ళ ముందు పెడతారు. ఆ ముక్క ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. ఇంటికెళ్ళి కోస్తే మిగతా కాయంతా దోసకాయ బంధువు. దీని మీద ఎవరికైనా ఫిర్యాదు ఇవ్వాలని నాకు చాలా కాలంగా ఉంది. గోదావరిఖనిలో పుచ్చకాయల మీద ఫిర్యాదు తీసుకునే ఆఫీసు లేదు. యూనియన్ ఆఫీసులు మాత్రం అయిదారున్నాయి, వాళ్ళకి వేరే పనులున్నాయి.

మా బాపు దగ్గర ఈ ఆటలు సాగేవి కావు. ఎడమ అరచెయ్యి కాయ మీద ఆనించి, కుడిచేతి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, "ఇది తీస్కో" అనేవాడు. అంతే. కాయలే కాదు, గోడలు, కుండలు, తలుపు చెక్కలు, ఆయన చేతికి అందినవన్నీ ఆ రెండు దెబ్బలు తిన్నవే. నాకు పెళ్ళిచూపులకి వెళ్ళిన మొదటి ఇంట్లో వరండా స్తంభాన్ని కూడా తట్టి, "లోపల గట్టిగ లేదు" అని పిల్ల తండ్రికి వినపడేలా చెప్పాడు. సంబంధం ఆ సాయంత్రమే పోయింది. స్తంభం ఇంకో మూడేళ్ళకి పోయింది.

అది ఆయన వృత్తి. బాయిలో, అంటే భూగర్భ గనిలో, బాపు పని పైకప్పుకి ఊతాలు పెట్టడం. బొగ్గు పేల్చిన తర్వాత ఆ చోటికి ముందుగా వెళ్ళేది ఆయనా, ఆయనతో పాటు ఒక ఇనుప కడ్డీ. ఎడమ చెయ్యి పైరాయికి ఆనించి కడ్డీతో కొడతాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. ఊడిపోబోయే రాయి డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే మిగతావాళ్ళు వెనకే ఆగిపోతారు. "పైకప్పు ఊరికె పడదు బిడ్డా, ముందుగాల మాట్లాడుతది. చెక్కలు కిర్రుమంటయి, రాయి చిటపటమంటది. ఇన్నోడు ఉరుకుతడు, బతుకుతడు," అని నా చిన్నప్పుడు చెప్పేవాడు. విననివాడి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

నేను బాయిలోకి వెళ్ళకూడదని నన్ను ఫిజిక్సులో ఎమ్మెస్సీ దాకా చదివించాడు. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ధ్వని, కాంతి, ఉష్ణం పాఠాలు చెప్పాను. తొమ్మిదేళ్ళు చెప్పాక కాలేజీ మూసేశారు. పిల్లలు లేక మూసేశామన్నారు. చివరి రోజు సుద్దముక్కల పెట్టె ఒకటి నాకిచ్చారు, జ్ఞాపకంగా. అదే ఏడాది ఓపెన్‌కాస్టు గని మా పల్లె దాకా వచ్చింది. ఊరూ, ఊరి పక్కన మా భూమీ గని గోతిలో కలిశాయి. ఆ భూమిలో తవ్విన మట్టిని తీసుకెళ్ళి పక్క ఊరి మీద గుట్టగా పోశారు. వెళ్ళి చూశాను. మా బావి ఉండాల్సిన చోట గాలి ఉంది, రెండు వందల అడుగుల లోతున. అక్కడ నిలబడి చాలాసేపు ఏదైనా అనిపిస్తుందేమోనని ఎదురు చూశాను. ఆకలి వేసింది. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

భూమికి డబ్బు వచ్చింది. బాపు దాన్ని నా పేరున వేయించి, "ఏం జేస్తవో చెయ్యి" అన్నాడు. భూములు పోయిన వాళ్ళు మా వైపు అప్పట్లో రెండు పనులు చేసేవారు: ఇల్లు కట్టడం, జీపు కొనడం. నాకు ఇల్లు కట్టే ఓపిక లేదు. జీపు చూద్దామని హైదరాబాదు వెళ్ళాను.

జీపు చూపిస్తానన్న బ్రోకరు ముందు ఇంకో చోటికి తీసుకెళ్ళాడు. ఇంగ్లండునుంచి తిరిగొచ్చిన ఒక డాక్టరు, వచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకున్న కారు అమ్ముతున్నాడు. నీలం రంగు, అయిదు తలుపుల చిన్న కారు. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా మా ఊళ్ళో ఒకరు పలికినట్టు ఇంకొకరు పలకరు. నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పుతుంది, టర్బో ఉంది, ఆరు గేర్లు. చూడ్డానికి మాత్రం పిల్లల్ని బడిలో దింపే బండిలా ఉంది. సన్నగా వాన పడుతోంది. డాక్టరు నన్ను పక్కన కూచోబెట్టుకుని ఔటర్ రింగురోడ్డు వైపు తీసుకెళ్ళాడు. ఇంజను మూడు వేల చుట్లు దాటేదాకా అది మర్యాదస్తుడిలా నడిచింది. దాటాక ఎవరో రెండు చేతులతో నా వీపుని సీటులోకి తోసినట్టయింది. తడి రోడ్డు మీద ఒక్క చక్రం జారలేదు. అయిదారు సెకన్లు. ఆ ఏడాది మొత్తంలో నా శరీరానికి తెలిసిన విషయం అదొక్కటే.

కొన్నాను. ఇంజను చూశాను, కాగితాలు చూశాను, గేరుబాక్సు నూనె రంగు చూశాను, డిఫరెన్షియల్ గురించి డాక్టరుకి తెలియని రెండు ప్రశ్నలు వేశాను. "ఎక్కడా తగల్లేదు కదా?" అని అడిగాను. "చిన్న గీత కూడా లేదు," అన్నాడు. నిజంగానే పైకి గీత కూడా లేదు. పుచ్చకాయ ముక్కలా మెరుస్తోంది.

గోదావరిఖనిలో దాన్ని నడపడం గురించి రాయాలంటే ముందు స్పీడు బ్రేకర్ల గురించి రాయాలి. బండి నేలకి జానెడు ఎత్తులో కూడా ఉండదు. మా కాలనీ గేటు నుంచి చౌరస్తా దాకా ఏడు స్పీడు బ్రేకర్లు, ఏడింటికీ కడుపు తగిలేది. బొగ్గు టిప్పర్ల మధ్య అది ఏనుగుల గుంపులో కోడిపిల్ల. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి నల్లబడేది. కాలనీలో అందరూ వచ్చి చూశారు. పక్క క్వార్టరులో ఉండే కాక, బాపుతో పాటు చేరి అప్పటికే రిటైరైన మనిషి, చుట్టూ ఒకసారి తిరిగి అడిగాడు.

"ఎంతమంది పడ్తరురా దీంట్ల?"

"అయిదుగురు కాకా."

"జీపుల పన్నెండు మంది పడ్తరు."

"ఇది నాలుగు చక్రాల మీద గుంజుతది కాకా."

"అన్ని బండ్లకు నాలుగే గదరా చక్రాలు. నీకు ఎక్వేమిచ్చిండు?"

ఎమ్మెస్సీలో ఈ ప్రశ్న రాలేదు.

బాపు మాత్రం బండి దగ్గరికే రాలేదు. వాకిట్లో నిలబడి దాన్ని దాటి సైకిల్ తీసుకుని డ్యూటీకి పోయేవాడు. భూమి పోయి వచ్చిన వస్తువు కనక చెయ్యి వేయడం ఇష్టం లేదేమో అనుకున్నాను. తట్టడం మాట అటుంచి, దాని నీడ మీద కూడా కాలు పెట్టేవాడు కాదు. ఒక్కసారి, పెద్దవానలో సైకిల్ పంక్చరై, తప్పక ఎక్కాడు. గనికి పోయే దారి చీలమండ లోతు నల్లబురద. మోటారు సైకిళ్ళు పడి ఉన్నాయి, ఒక జీపు అడ్డం తిరిగి చక్రాలు ఉత్తగా తిప్పుకుంటోంది. మా బండి వాటి పక్క నుంచి తాపీగా, పెళ్ళి భోజనానికి వెళ్ళే పెద్దమనిషిలా వెళ్ళిపోయింది. నేను బాపు మొహం వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా ఎడమ అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టి కూచున్నాడు.

"ముందు చక్రం ఒకటి సక్కగ తిరుగుతలేదు," అన్నాడు పెద్దగా. బాయిలో పనిచేసేవాళ్ళందరి గొంతూ అంతే, అక్కడి మిషన్ల మోతకి పెరిగిపోతుంది. ఆయనది ఈ మధ్య మరీ పెరిగింది.

మెకానిక్కు విప్పి చూస్తే బేరింగు అరిగి ఉంది. ఈ చెవులు ఫిజిక్సు ల్యాబులో ఉండాల్సినవి అనుకున్నాను.

ఆ వానాకాలం చివర్న బాపు ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి నా ఎదుట కూచున్నాడు.

"నాకు చెవులు సక్కగ వినవడ్తలెవ్వురా," అన్నాడు. "బోర్డుకు పెట్టుకుందునా?"

ఇక్కడ బోర్డు అంటే కంపెనీ డాక్టర్ల బోర్డు. కొత్తగూడెంలో కూచుంటుంది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళ పైన ఉన్న కార్మికుడు పనికి పనికిరాడని వాళ్ళు రాస్తే, ఆయన కొడుకుకి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. కొడుక్కి ముప్పై అయిదు దాటకూడదు. నాకు ముప్పై అయిదు నిండడానికి రెండు నెలలుంది, కాలేజీ మూసి రెండేళ్ళవుతోంది. బాపు పనికిరానివాడైతేనే నేను పనికొచ్చేవాణ్ణి. బొగ్గు బెల్టు మొత్తం మీద ఈ లెక్క తెలియని ఇల్లు లేదు. నడుం నొప్పులూ, కంటి మసకలూ, గుండె దడలూ సరిగ్గా కొడుకుల వయసుని బట్టే వచ్చేవి.

"మంచి ఆలోచన బాపూ," అన్నాను. "చెవులైతే కనిపెట్టుడు కష్టం."

ఆయన నా పెదవుల వైపు చూశాడు. తల ఊపాడు.

నేను పాఠాలు చెప్పి బతికినవాణ్ణి, కాబట్టి దీనికీ పాఠాలు పెట్టాను. రెండు వారాలు. బాపు వెనక నిలబడి స్టీలు పళ్ళెం కింద పడేసేవాణ్ణి. ఆయన తిరిగి చూడలేదు. చెవి పక్కన చప్పట్లు కొట్టాను. కన్నార్పలేదు. మొదటి రోజు నుంచే ఆయన ఇంత బాగా చేస్తాడని నేననుకోలేదు. ఒక సాయంత్రం వెనక నుంచి "బాపూ, బాయిల నీళ్ళొచ్చినయట!" అని అరిచాను. పత్రిక పేజీ తిప్పాడు.

"సూసినవా!" అన్నాను నా భార్యతో. "ఏం యాక్టింగు! నాటకాలల్ల ఉంటే ఎటో పోతుండె."

ఆమె పళ్ళెం తీసుకుని, సొట్ట పడిన చోట బొటనవేలితో నొక్కి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. పళ్ళెం గురించి కోపం అనుకున్నాను.

బందు లేని రోజు చూసుకుని బయల్దేరడం ఆ ఏళ్ళలో పెద్ద పని. ప్రత్యేక రాష్ట్రం కోసం వారానికో బందు ఉండేది, న్యాయమైన బందులే, కానీ బోర్డు తారీకుకి ఆ సంగతి తెలియదు. అదృష్టవశాత్తూ ఆ రోజు రోడ్లు తెరిచే ఉన్నాయి. తెల్లవారుతుంటే బయల్దేరాం. ఎప్పటిలాగే నా భార్య బాపుని కాలు పట్టుకుని ఊపి నిద్రలేపింది. కాలనీ సైరన్ అప్పుడే మోగి ఆగింది. ఆయనకి సైరన్ సరిపోదు, కోడలు లేపాలి, ముసలితనపు గారాబం అనుకునేవాణ్ణి.

మంథని దాటాక అడవి రోడ్డు. ముందు రాత్రి వాన పడింది. మలుపు తర్వాత మలుపు, ఎదురుగా ఎవరూ లేరు. బండి కొన్న తర్వాత దానికి తగిన రోడ్డు అదొక్కటే దొరికింది. ప్రతి మలుపులో ముందు చక్రాలు కొంచెం తటపటాయిస్తే వెనక చక్రాలు భుజం పట్టి తోసేవి. మూడో గేరు, నాలుగో గేరు, మళ్ళీ మూడు. తడి ఆకుల మీద కూడా నా మాట తూచా తప్పకుండా విన్నది. సంతోషం అనను. చలికి మొద్దుబారిన వేలిని వేడి గ్లాసుకి ఆనిస్తే, వేడి తెలియదు గానీ వేలుందని తెలుస్తుంది, అట్లా ఉంది. పక్కన బాపు అరచెయ్యి తలుపు మీద పెట్టుకుని నిద్రపోయాడు. భూపాలపల్లి, ములుగు, ఇల్లందు. కొత్తగూడెం చేరేసరికి బోర్డు ఇంకా మొదలు కాలేదు.

ముందు మిషను పరీక్ష. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడగానే బటన్ నొక్కమన్నారు. బాపు మొత్తం మీద ఒక్కసారి నొక్కాడు. అనుమానం రాకుండా ఒకటి వదిలాడు అనుకుని లోలోపల మెచ్చుకున్నాను. కాగితం చూసిన డాక్టరు యువకుడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మిషనుకి అబద్ధం చెప్పొచ్చు," అన్నాడు మామూలుగా. "భోజనమయ్యాక బోర్డు ముందు మాట్లాడి రాస్తాం."

మేం బండి దగ్గర నిలబడి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అదే డాక్టరు టీ గ్లాసు పట్టుకుని అటు వచ్చి, బండి చూసి ఆగిపోయాడు.

"ఇది మీదా?" అని, దాని పేరు చెప్పాడు. సరిగ్గా పలికాడు.

బొగ్గు బెల్టులో ఆ పేరు పలికిన మొదటి మనిషి. నాకేమైందో తెలియదు. బానెట్ తెరిచాను. టర్బో చూపించాను, మంథని మలుపుల గురించి చెప్పాను. ఆయన ఫోటోల్లో చూసిందంతా చెప్పాడు. ఇద్దరం ఇంజను మీదికి వంగి, ఆయన చేతిలో టీ చల్లారే దాకా మాట్లాడుకున్నాం. రెండేళ్ళలో నేను అంత మాట్లాడటం అదే.

వెనక నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. టక్, టక్.

బాపు బండి వెనక భాగం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమ అరచెయ్యి నీలం రేకు మీద ఆనించాడు. మొదటిసారి. కుడిచేతి వేలి కణుపుతో ఇంకో రెండు కొట్టాడు. జానెడు పక్కకి జరిగి మళ్ళీ కొట్టాడు.

"ఒరేయ్," అన్నాడు ఆవరణంతా వినపడేలా. "ఇక్కడ డొల్లున్నదిరా. లోపట ఏందో కూరిండ్రు."

డాక్టరు వెళ్ళి తనూ తట్టి చూశాడు. వంగి రేకు వారన చూశాడు. "నిజమే," అన్నాడు. "వెనక గట్టిగా తగిలింది దీనికి. పుట్టీ పెట్టి రంగు కొట్టారు." తర్వాత నెమ్మదిగా నిటారుగా నిలబడి బాపు మొహంలోకి చూశాడు. "పెద్దాయనా, ఎట్లా తెలిసింది మీకు?"

బాపు ఆయన పెదవులనే చూస్తున్నాడు. మొహం వెలిగిపోయింది.

"ముప్ఫయ్యేండ్ల సంది ఇదే పని సార్," అన్నాడు. "కొట్టి జెప్పుడే. ఒక్కపారి గూడ తప్పలే."

డాక్టరు నా వైపు చూశాడు. కోపంగా కాదు, కొంచెం జాలిగా. నేను చిన్నగా నవ్వాను. దొరికిపోయిన విద్యార్థి తండ్రి నవ్వే నవ్వు.

బోర్డు కాగితం మీద ఫిట్ అని రాసింది. మళ్ళీ పెట్టుకోవాలంటే ఆరు నెలలాగాలి. నాకు రెండు నెలలు కూడా లేదు.

తిరుగు దారిలో ఇల్లందు దాటాక బాపు అడిగాడు, "ఏం రాసిండ్రు?"

"ఫిట్," అన్నాను రోడ్డు వైపు చూస్తూ.

"ఆ?"

"ఇగ చాలు తియ్యి బాపూ. బోర్డు అయిపాయె. ఎవల కోసం ఇంక?"

ఆయన నా వైపు కాసేపు చూసి, కిటికీ వైపు తిరిగాడు. అవే మలుపులు ఎదురొచ్చాయి. బండి అట్లాగే తిరిగింది. డొల్ల అయినా అట్లాగే తిరిగింది. నాకు వీపులో ఏమీ తెలియలేదు.

మర్నాడు పొద్దున సైరన్ అయ్యాక బాపు టిఫిన్ డబ్బా తగిలించుకుని సైకిల్ మీద ఫస్టు షిఫ్టుకి వెళ్ళాడు. నేను వాకిట్లో బండి వెనక గొంతుకూచుని రేకు తట్టి చూస్తున్నాను. డొల్ల చోటికీ మంచి చోటికీ తేడా నా చెవికి అసలు తెలియలేదు. ఎడమ అరచెయ్యి ఆనించి కొడితే మాత్రం, ఒక చోట చేతికి అదురు వచ్చింది, ఒక చోట రాలేదు. ధ్వని గాలిలో కంటే ఇనుములో వేగంగా నడుస్తుందని తొమ్మిదేళ్ళు బోర్డు మీద రాసినవాణ్ణి, ఇది బాగుందే అనుకుని ఇంకో రెండు సార్లు కొట్టాను.

నా భార్య బకెట్టు నీళ్ళతో వచ్చి, వాకిలి చల్లుతూ అడిగింది, "నిన్న ఏమాయె? మామ ఏం చెప్పలే, నువ్వు జెప్పలే."

చెప్పాను. నాకు కథలు చెప్పడం బాగానే వచ్చు. మిషను, బటను, పులిహోర, పేరు సరిగ్గా పలికిన డాక్టరు. రెండు వారాలు ఒక్క తప్పు చేయని నటుడు చివరి సీనులో, అదీ జడ్జి ముందే, తన పాత వేషం వేసి అంతా పాడు చేశాడన్నాను. ఆ చోట నవ్వాలి. బాగా కుదిరిందనుకున్నాను.

ఆమె నవ్వలేదు. బకెట్టు కింద పెట్టింది. సైకిల్ వెళ్ళిన దారి వైపు చూసి, నా వైపు తిరిగింది.

"మామ యాక్టింగు చేసిండని ఎవలన్నరు నీకు? మూడేండ్ల సంది ఆయినకు వినవడది. సైరన్ వినవడకనే నేను రోజు కాళ్ళు వట్టి లేపుతున్న. గసొంటి మనిషిని మళ్ళ బాయిలకు దోలినవు. వాడకట్టంత ఎరుకే, నీకొక్కనికే తెల్వది."